పిడికెడు బియ్యం

మా చిన్ తెగవాళ్ళ కొండల్లో ఏ ఇంట ఎసరు పెట్టినా ముందుగా పిడికెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా చర్చికి చేరుతుంది. ఈ ఆదివారం నా డబ్బా చర్చి దాటి ఖాయ్ మాంగ్ ఇంటి దారి పట్టింది.

నిరుడు సైనికులకు మా గాదెలు చూపించి తగలబెట్టించినవాడు ఖాయ్ మాంగ్. ఇప్పుడు మంచాన పడ్డాడు. అతని గడప ఎవరూ తొక్కకూడదని ఊరు కట్టుబాటు చేసింది.

అతని వాకిట్లోనే సంఘపెద్ద తాంగ్ పావ్ నాకు అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా నియాంగ్? అవి దేవుడి బియ్యం."

"దేవుడివే. ఆయన చెప్పిన చోటికే తెచ్చాను."

"వీడు నీ గాదె కూడా కాల్పించాడు. సిగ్గు లేదా నీకు?"

"వీణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది పెద్దయ్యా. ఆ మంట చల్లారాకే పెట్టమని వాక్యంలో లేదు. శత్రువుకి ఆకలేస్తే అన్నం పెట్టమని ఉంది. పోయిన వారం చర్చిలో నిలబడి చదివింది మీరే."

"చదవడం వేరు, ఊరి కట్టుబాటు వేరు. గడప దాటావంటే నిన్నూ వెలేస్తాం."

డబ్బా చంకన పెట్టుకుని ఆయన పక్కనుంచి నడిచాను. గడప మీద రెండు కాళ్ళూ మోపి వెనక్కి తిరిగాను.

"వెలేయండి. అప్పుడు నేనూ మీకు శత్రువునే. శత్రువుకి ఏం చెయ్యాలో మీకు తెలుసుగా. నాకు మొక్కజొన్నలు అరగవు పెద్దయ్యా, బియ్యమే పంపండి."