వెనక తగిలించేదా, ముందు తగిలించేదా

ఇరవై ఆరేళ్ళుగా ఈ కౌంటరు వెనక కూర్చుని చిన్న ట్రాక్టర్లకి మంచు చిమ్మే బ్లోయర్లు అమ్ముతున్నాను. ఇన్నేళ్ళలో తన ఇంటిదారి పొడవెంతో నిజం చెప్పిన మగాణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. అరమైలు దారున్నవాడు "ఆ, ఎంత, చిన్నదే" అంటాడు. నాలుగు కార్లు పట్టే వాకిలున్నవాడు విమానాశ్రయం ఉన్నట్టు మాట్లాడతాడు. ఇక ఒంటి సంగతులు అసలే చెప్పరు. నడుం నొప్పి, మోకాళ్ళు, చూపు, ఏదీ బయటికి రాదు. ట్రాక్టరు హార్స్ పవర్ మాత్రం పాయింట్లతో సహా చెప్తారు.

అందుకని అడగడం మానేశాను. బయట చూపించడానికి పెట్టిన ట్రాక్టరెక్కి కూర్చోమంటాను. నేను వెనక్కి వెళ్ళి నిలబడి ఏదో ఒకటి వాగుతాను. మెడ తిప్పి నన్ను చూసి జవాబిస్తే వెనక తగిలించే బ్లోయర్ అమ్ముతాను. అది చవక, మొండిది, ఎన్నేళ్ళయినా పనిచేస్తుంది. కానీ దాంతో మంచు తీయాలంటే ట్రాక్టర్ని వెనక్కి నడపాలి, పనున్నంతసేపూ భుజం మీంచి వెనక్కే చూస్తూ ఉండాలి. మెడ తిరగనివాడికి ముందు తగిలించేది అమ్ముతాను. దానికి ట్రాక్టరు పొట్ట కింద ఇంకో షాఫ్టు బిగించాలి, ధర దాదాపు రెట్టింపు. అయినా మనిషి ఎటు పోతున్నాడో అటే చూస్తాడు.

అక్టోబరు మూడో వారంలో కెంపైనెన్ అన్నదమ్ములు వచ్చారు. పెద్దాయన రూబెన్‌కి డెబ్బై ఆరు, తమ్ముడు విల్బర్ట్‌కి డెబ్బై. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒకే దారి మీద రెండిళ్ళు, ఇద్దరికీ కలిపి ఒకటే ట్రాక్టరు. పదకొండేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఎందుకని నన్నడక్కండి. నేను మూడు కథలు విన్నాను, మూడింట్లోనూ ఒక ఆవుంది.

మాటల్లేవని పనులాగవు కదా. మూడో మనిషి ఎవరైనా ఎదురుగా ఉంటే చాలు, ఆ మనిషి చేత చెప్పించుకుంటారు. చర్చిలో అయితే పాస్టరు భార్య, బ్యాంకులో గుమాస్తా. ఆ రోజు నా ఖర్మ కొద్దీ నేను.

"పాతదాని గేరుబాక్సు మార్చిలోనే పోయింది, ఐలీన్," అన్నాడు రూబెన్ కుర్చీలో కూలబడుతూ. "మళ్ళీ వెనక తగిలించేదే కావాలి. అరవై నాలుగు అంగుళాల వెడల్పుది. వాడికి చెప్పు."

వాడు మూరెడు దూరంలో నిలబడి, మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటున్నాడు.

"అరవై నాలుగంట," అన్నాను.

"మా ట్రాక్టరుకి అంత సత్తా లేదని ఆయనకి చెప్పు. అరవై చాలు."

"అరవైదయితే చక్రాల వెడల్పుకి సరిపోదు, చక్రాలు మంచులోనే దొర్లుతాయి. ఆమాత్రం తెలీదా అని అడుగు."

"తెలుసని చెప్పు. ఇరవై తొమ్మిదేళ్ళు కౌంటీ వాళ్ళ మంచు తీసే బండి నడిపానని కూడా చెప్పు."

"అందుకే కదా మన రోడ్డు అలా ఏడ్చింది అని చెప్పు."

"మీరిద్దరూ కలిసి నాకేమన్నా జీతమిస్తున్నారా?" అన్నాను. "అరవై రెండుది ఉంది. అది తీసుకోండి, గొడవొదిలిపోతుంది."

ఇద్దరూ ఒకేసారి తలూపారు. వెనక తగిలించేదే కావాలన్న దాంట్లో తేడా లేదు, అరవై రెండు దగ్గర పేచీ తీరింది. ఇంకోరైతే అక్కడే బిల్లు రాసేద్దును.

కానీ ఆ దారి సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. రోడ్డు పక్కన విల్బర్ట్ ఇల్లు, పావుమైలు లోపల రూబెన్ ఇల్లు. మంచు పడ్డ ప్రతి ఉదయం రూబెన్ ట్రాక్టరు తీస్తాడు. దారంతా మంచు తీసి, తమ్ముడి వాకిలి కూడా చేసి, ఆ తలుపు వైపు చూడకుండా ఇంటికి పోతాడు. పదకొండేళ్ళూ అదే వరస. ఆవుల్ని అమ్మేశాడు, పొలం కౌలుకిచ్చాడు, కట్టెలు కూడా కొట్టినవే కొనుక్కుంటున్నాడు. ఆయన చేతిలో మిగిలిన పని ఆ దారొక్కటే. అది కూడా పోతే, ఏప్రిల్ దాకా కిటికీ దగ్గర కూర్చుని, మాటల్లేని తమ్ముడు వచ్చి ఎప్పుడు దారిలో మంచు తీస్తాడా అని ఎదురుచూడాలి. ఆ మనిషి చావనైనా చస్తాడు గానీ ఆ పని చెయ్యడు.

పోయిన చలికాలం ఆయన రోడ్డు పక్కనున్న పోస్టు డబ్బాని రెండుసార్లు పడగొట్టాడు. తగిలేదాకా దాన్ని చూడనే లేదని ఉత్తరాలు తెచ్చే అమ్మాయి నాతో చెప్పింది. రెండుసార్లూ విల్బర్ట్ ఎవరితోనూ ఏమీ అనకుండా కొత్త స్తంభం పాతి, డబ్బా మళ్ళీ బిగించాడు.

"కొనేముందు ఒకసారి సీటెక్కి చూడండి," అన్నాను.

బయటికొచ్చాం. విల్బర్ట్ ముందెక్కాడు. నేను వెనక నిలబడి, వానొచ్చేలా ఉందా అన్నాను. గుడ్లగూబలా మెడ మొత్తం తిప్పి, "వాన కాదు, రేపటికి మంచే," అన్నాడు. నా వెనక రోడ్డు మీద పోతున్న కట్టెల లారీ ఎవరిదో కూడా చెప్పాడు.

తర్వాత రూబెన్ ఎక్కాడు. ఎక్కడానికి కాస్త టైము పట్టింది, అది లెక్క కాదు.

"సీటు బాగుందా?" అన్నాను వెనక నుంచి.

"బాగుంది," అన్నాడు, ఎదురుగా ఉన్న గోడతో.

"ఇదిగో, ఇక్కడ కొత్తగా ఒక లివర్ పెట్టారు చూడండి."

రూబెన్ ఒక చేత్తో చక్రం మీది రేకు పట్టుకుని, నడుం దగ్గర్నుంచి మొత్తంగా తిరగడం మొదలుపెట్టాడు. పళ్ళు బిగించాడు. భుజం వచ్చింది, గడ్డం వచ్చింది, చూపు మాత్రం చక్రం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ, చూశాను," అన్నాడు. "మంచి లివరే."

అక్కడ లివరేమీ లేదు. నా చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. విల్బర్ట్ ట్రాక్టరు ముందు నిలబడి ఇదంతా చూశాడు.

లోపలికొచ్చి బిల్లు పుస్తకం తీశాను గానీ చెయ్యి సాగలేదు. ఒకప్పుడు ఒకాయనతో మొహమ్మీదే అన్నాను, మీ మెడకి ఇది పనికిరాదని. లేచి, నలభై మైళ్ళవతల ఇంకో షాపుకి పోయి సరిగ్గా అదే కొనుక్కున్నాడు. రూబెన్ కూడా అంతే చేస్తాడు. చెప్పకపోతేనా, ఈసారి పడేది పోస్టు డబ్బా ఒక్కటే అని రాసిచ్చేదెవరు?

"అయితే వెనక తగిలించేది, అరవై రెండు," అన్నాను, కలం పట్టుకుని.

"ఐలీన్," అన్నాడు విల్బర్ట్, "నాకు ముందు తగిలించేది కావాలని ఆయనకి చెప్పు."

రూబెన్ టోపీ పైకి నెట్టుకున్నాడు. "మూడు వారాలుగా వెనకదే అని ఊరంతా చాటి ఇప్పుడేంటో అడుగు. అది ముసలాళ్ళ సరుకు."

"నా మెడ పట్టేసిందని చెప్పు. వేసవి నుంచీ వెనక్కి తిరగట్లేదు."

నేను విల్బర్ట్ మొహంలోకి చూశాను. పట్టిన చేప పొడవు కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఆయన. గడ్డానికి పాస్టీ పొడి అంటుకుని ఉంది, రెప్ప కూడా వెయ్యలేదు.

"ఆయన మెడ పట్టేసిందంట," అన్నాను.

"ముందుది ఖరీదెక్కువని చెప్పు వాడికి."

"ఆ తేడా నేను పెట్టుకుంటానని చెప్పు. మెడ నాది కదా."

రూబెన్ బల్ల మీద తన చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోతాడేమోనని నాకు భయమేసింది. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"మెడ అంతలా పట్టేసినవాడు ఆ కుదుపుల్లో ట్రాక్టరెక్కితే ఇంకా పాడవుతుందని చెప్పు. ఈ ఏడు కూడా దారి నేనే చేస్తాను. వాణ్ణి ఇంట్లో ఉండమను."

నాకు ఒళ్ళు మండింది. డబ్బులు పెట్టేది తమ్ముడు, అబద్ధమాడి పాపం కట్టుకున్నది తమ్ముడు, పైగా ఇంట్లో కూర్చోమని ఈయన సలహా. బిల్లు పుస్తకం తీసి ఆయన టోపీ మీద ఒకటి వేద్దామనిపించింది.

"చెప్పవేం?" అన్నాడు రూబెన్.

చెప్పాను.

"సరే అని చెప్పు," అన్నాడు విల్బర్ట్. "ఏం చేస్తాం, మెడ ఇలా ఉన్నప్పుడు." నమ్మకంగా ఉండాలని కాబోలు, చెయ్యెత్తి మెడ రుద్దుకున్నాడు. నటన అస్సలు చేతకాదు ఆ మనిషికి.

బిల్లు రాశాను. గురువారం ట్రాక్టర్ని పంపితే బిగించి ఇస్తామన్నాను. విల్బర్ట్ సంతకం పెట్టాడు. రూబెన్ మాత్రం లేవలేదు.

"ఇంకోటి," అన్నాడు. "మెడకి వేడి మంచిది. ఈ శనివారం నుంచి సావ్నాలోకి ముందు వాణ్ణి వెళ్ళమని చెప్పు. నేను తర్వాత వెళ్తాను."

ఆ సావ్నా, అంటే పొయ్యి వేడిలో చెమట పట్టేదాకా కూర్చునే స్నానాల గది, వాళ్ళ నాన్న కట్టింది, రూబెన్ ఇంటి వెనక ఉంది. అందులో మొదటి వేడి ఇంటి పెద్దవాడి హక్కు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ, అంటే ముప్పై నాలుగేళ్ళుగా, అది రూబెన్‌ది. పాస్టరు వచ్చినప్పుడు కూడా వంతు వదులుకోలేదు. ఆయన స్నానం ముగించి ఇంట్లోకి వెళ్ళి దీపం వేశాకే విల్బర్ట్ వచ్చి మిగిలిన వేడిలో కూర్చుంటాడు.

అంటే ఈయనకి అన్నీ తెలుసు. లివర్ సంగతి కూడా తెలిసే ఉంటుంది.

విల్బర్ట్ కిటికీలోంచి బయట పెట్టిన ట్రాక్టర్ని చాలాసేపు చూశాడు. "వెళ్తానని చెప్పు," అన్నాడు, అటే చూస్తూ.

చెబుదామని నోరు తెరిచాను, ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళలో బ్లోయరమ్మి ఏడ్చింది లేదు. ఇద్దరు మొండి ముసలాళ్ళ ముందు కళ్ళు తుడుచుకోవడం సిగ్గనిపించి, తల వంచుకుని బిల్లు పుస్తకంలో కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను.

కుర్చీ బరబరమని చప్పుడైంది. తలెత్తి చూస్తే, రూబెన్ కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ, దాంతో సహా తమ్ముడి వైపు తిరుగుతున్నాడు.

"విన్నాన్లే," అన్నాడు.