చేతికిచ్చిన కత్తెర

నేను ఒక కత్తెరను. కాగితాలు కత్తిరించే పిల్లకత్తెరను కాదు సుమా, దర్జీ కత్తెరను. ఎక్కడో ఉత్తరాది కొలిమిలో పుట్టి, తెనాలిలో సులోచనమ్మ టైలరింగ్ షాపుకు చేరాను. కటింగ్ మాస్టర్ వీరభద్రంగారు తప్ప నన్నెవరూ ముట్టుకోకూడదు. ఆ గర్వం నాకు నెత్తికెక్కిన మాట నిజమే.

ఏం రోజులవి! పెళ్ళిళ్ళ కాలంలో ఆయన సుద్దగీత గీసి, కూనిరాగం తీస్తూ నన్ను నడిపిస్తుంటే బల్లంతా జాకెట్ ముక్కలే.

ఒక వానాకాలం ఆ రాగం ఆగిపోయింది. గుడ్డ పరిచి, నన్ను పట్టుకుని, కళ్ళనీళ్ళతో అలాగే నిలబడిపోయేవారు. మిషను కుట్టే దస్తగిరి "గాలి సోకిందమ్మా, తాయెత్తు కట్టిద్దాం" అన్నాడు. ఆయన ఏం చేసుకుంటారోనని భయపడి సులోచనమ్మ నన్ను బీరువాలో పెట్టి తాళం వేసింది. "మీరు ఊరికే కూర్చోండి మాస్టారూ, కటింగు నేను చూసుకుంటాలే" అంది. జాలితోనే అంది లెండి. ఒక్కోసారి మనుషుల జాలి నాకంటే బాగా కోస్తుంది. పాపం, వాళ్ళకు ఆ సంగతి తెలియదు.

కొన్నాళ్ళు గోడవార కూర్చున్నాక, మాస్టారు మెడలోని టేపు తీసి బల్లమీద పెట్టారు. బీరువాలోంచి నాకంతా వినిపిస్తూనే ఉంది.

"ఇక నేను రానమ్మా."

"అదేంటి మాస్టారూ, మేమేమన్నాం?"

"ఏమీ అనలా. కత్తెర దాచారు. నీకెట్టా ఉందని మాత్రం ఒక్కరూ అడగలా."

మిషన్లు ఆగిపోయాయి. సులోచనమ్మ ఆయన పక్కకు స్టూలు లాక్కున్న చప్పుడు.

"తప్పయింది. ఇప్పుడడుగుతున్నా. చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?"

"అంతదాకా రాలేదు. నిద్ర పట్టదు. గుడ్డ చూస్తే గీత ఎక్కడ పెట్టాలో తెలియట్లా. పని మర్చిపోయానేమోనని భయంగా ఉందమ్మా."

ఆమె సలహాలేమీ చెప్పలేదు, విన్నది. మర్నాడు ఆయన వెంట పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళింది. మందులు మొదలయ్యాయి. కాస్త తేరుకున్నాక, "పొద్దునపూట రండి చాలు. ముందు లంగాలు కత్తిరించండి, జాకెట్ల సంగతి తర్వాత చూద్దాం" అంది.

కత్తెర చేతికివ్వకూడదు, పోట్లాటలొస్తాయని మనవాళ్ళ నమ్మకం. బల్లమీద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. ఆయన తిరిగొచ్చిన ఉదయం సులోచనమ్మ బీరువా తెరిచి నన్ను నేరుగా ఆయన చేతికే ఇచ్చింది. మొదటి కోత వంకరపోయింది. ఎవరూ నవ్వలేదు. కూనిరాగం వినపడేసరికి దసరా దాటింది. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు సానపట్టగా పట్టగా సన్నబడిపోయాను. మాస్టారు పని మానుకుని మనవలతో ఉన్నారు. షాపులోకి కరెంటు కత్తెర వచ్చింది. నేను సొరుగులో పడి ఉండి, అప్పుడప్పుడు కాగితాలు కత్తిరిస్తున్నాను. నవ్వకండి.

మొన్న సొరుగు సగం తెరిచి ఉంటే చూశాను, గుండీల కాజాలు కుట్టే కొత్తమ్మాయి చాటుగా కళ్ళు తుడుచుకుంటోంది. తాయెత్తు దస్తగిరి ఆమెను చూశాడు. ఈసారి తాయెత్తు మాట ఎత్తలేదు. సొరుగులో ఉన్న నాకు, అతను ఆమె పక్కకు స్టూలు లాక్కున్న చప్పుడు వినిపించింది.

"ఎట్టా ఉందమ్మా నీకు?"