ఆరు మిల్లీమీటర్ల ఎత్తు

మొదలుపెట్టిన రోజు తమ్ముడి దగ్గర ఉన్నవి నలభై రెండు వేల ఆరువందలు. అందులో ముప్పై ఎనిమిది వేలు పాత ట్రాక్టరుకే పోయాయి. మిగిలినవాటితో ప్లగ్గులు, పెట్రోలు పైపు, గ్యాస్కెట్లు, ఒక టేపు, ఒక గళ్ల నోటుబుక్కు వచ్చాయి. నోటుబుక్కు మొదటి పేజీలో పెన్నుతో రాసుకున్నాడు: సోమవారం ఉదయం ఆరింటికి బంగాళాదుంప తోటలో దుక్కి మొదలు. డ్రైవరు: బావ.

ఆ సోమవారం దాటితే తోట యజమానురాలు ఇంకో ట్రాక్టరు పిలిపించుకుంటుంది. సీజనంతా దుక్కి ఇక ఆ ట్రాక్టరుదే.

అక్క పిలిచే పిలుపే వీధంతా పట్టుకుంది గనక అందరికీ అతను తమ్ముడే. ఉండేది అక్కాబావల దగ్గర. ఇంటి వెనక రేకుల షెడ్డుంది. ట్రాక్టరుని తాళ్లతో లాగించి తెచ్చిన రోజు స్టీరింగు పట్టుకుని, వెనక్కి తిప్పి, ఆ ఇరుకు తలుపులోంచి లోపలికి దూర్చింది అక్కే.

శనివారం పొద్దున్న తమ్ముడు కార్బురేటరు విప్పి, పాత పేపరు మీద భాగాలన్నీ విప్పిన వరసలో పేర్చాడు. మొత్తం ఇరవై మూడు. పెట్రోలు నిలిచే గిన్నె అడుగున ఏళ్లనాటి పెట్రోలు జిగురులా పట్టేసింది. పక్కన బోర్లించిన బకెట్టు మీద, పని మానేసినా పెత్తనం మానని ముసలి మెకానిక్ కూర్చున్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

ఇంజనుకి పెట్రోలు చిమ్మే ఇత్తడి జెట్టు రంధ్రం పూడుకుపోయింది. తమ్ముడు ఇనప తీగ తీశాడు.

"అది అవతల పారెయ్!" అని అరిచాడు పెద్దాయన. "ఇత్తడి రంధ్రం ఒకసారి వెడల్పయిందంటే ఇక చిన్నదవదు."

"ఎంత వెడల్పవుతుందేంటి?"

"నువ్వు కొలవలేనంత. ఇంజను మాత్రం కొలుస్తుంది."

తమ్ముడు కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, దానితో మెల్లగా పొడిచి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. జెట్టుని కంటికి ఆనించుకుంటే ఆవలి వెలుగు చుక్కలా కనపడింది.

తర్వాత ఫ్లోటు. కళ్లజోడులా జంటగా అతికిన రెండు బోలు ఇత్తడి డబ్బీలు. గిన్నెలో పెట్రోలు నిండేకొద్దీ ఇది తేలుతుంది. తగినంత పైకొచ్చాక సూదితో దారి మూసేస్తుంది. చిల్లేమైనా ఉందేమోనని వేణ్ణీళ్లలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. ఫ్లోటు మాత్రం నీళ్లలోంచి లేచి, చుక్కలు కారుస్తూ గాల్లోకి వచ్చి, అతని ఛాతీ ఎత్తున ఆగింది.

"చిల్లు లేదు," అన్నాడు పెద్దాయన తృప్తిగా. "సరుకు మంచిదే."

తేలినందుకు తమ్ముడికి బాధ లేదు. బాధల్లా ఎత్తు గురించే. ఫ్లోటు ఆరు మిల్లీమీటర్ల ఎత్తులో నిలవాలని ట్రాక్టరు పుస్తకంలో ఉంది. టేపు పెట్టి చూస్తే ఇది మీటరూ పన్నెండు సెంటీమీటర్లు.

అక్క టీ పట్టుకొచ్చింది. ఫ్లోటు ఇంకాస్త లేచింది.

"దాన్ని పక్కకి జరుపుకోరా, మొహానికి తగుల్తోంది," అంటూ తడిగుడ్డ దాని మీదే ఆరేసి, ట్రాక్టరు సీటు మీద దుమ్ము చేత్తో దులిపి, వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బావ వచ్చాడు. ఆయన యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగు మాస్టరు. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆయన షెడ్డులోకి అడుగు పెట్టగానే ఫ్లోటు గుడ్డతో సహా లేచి ఠంగుమని పైరేకుకి కొట్టుకుంది. బావ తలెత్తి చూసి, "ఆ గుడ్డ ఆరిపోయినట్టుంది," అన్నాడు.

తమ్ముడు రాసుకోవడం మొదలెట్టాడు. వేళ, ఎండ, గాలి, ఎత్తు. సాయంత్రానికి పద్నాలుగు కొలతలు పోగయ్యాయి గానీ ఒకదానికొకటి పొంతన లేదు. వేడికి లేస్తోందా అంటే చల్లబడ్డాక కూడా బావ రాగానే లేచింది. మనుషుల బరువుని బట్టా? బావ యాభై ఎనిమిది కిలోలు.

"అక్కా, నువ్వెంత?"

"అది పుస్తకంలోకి ఎక్కిందో, నీకు రేపు అన్నం లేదు."

పెద్దాయన నవ్వాడు. "మా వర్క్‌షాపులో ఒకటి ఇలాగే మూడు వారాలు దూలానికి అంటుకుపోయిందిరా. మా ఓనరు తనకి చూపు ఆనడం లేదని ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. చెప్పిన రోజు టపీమని కిందపడింది."

"దూలం ఎత్తెంత?"

"ఎవడు కొలిచాడు?"

దాంట్లో అంకె ఒక్కటీ లేదు గనక తమ్ముడు రాసుకోలేదు.

ఆదివారం పొద్దున్న చేసేదిలేక, ఫ్లోటుని రెండు చేతులా కిందికి లాగి, పిన్ను దూర్చి, మూత బిగించేశాడు. బావ సీట్లో కూర్చున్నాడు. తమ్ముడు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. లోపల ఫ్లోటు పైకే ఉండిపోయి చుక్క పెట్రోలు రానివ్వడం లేదు.

"పోనీలే," అన్నాడు బావ, గొంతులో ఎక్కడి నుంచో ఉత్సాహం వచ్చి. వెంటనే సర్దుకుని, "అయ్యో," అన్నాడు.

ఆయన మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. సీటు ఖాళీగా ఉంది గదా అని అక్క ఎక్కింది. ఈసారి ఇంజను పదకొండు సెకన్లు ఆడింది. బావ గుమ్మంలోకి వచ్చేసరికి ఆగిపోయింది.

తమ్ముడు బుక్కులో 'పదకొండు. ఎందుకు?' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. మళ్లీ అన్నీ విప్పాడు. ఫ్లోటు సరాసరి రేకుకి పోయింది. నిచ్చెన వేసుకుని, టేపు పట్టుకుని ఎక్కాడు.

కింద బావ చెప్పులు వేసుకుంటున్నాడు. "కార్ఖానా మేనేజరు ఇంటికెళ్లి, రేపట్నుంచి మానేస్తున్నానని చెప్పొస్తాను."

ఫ్లోటు నొక్కుడికి పైరేకు కిర్రుమంది. మేకు ఒకటి ఊడి తమ్ముడి భుజం మీద పడింది.

"బావా, ఇప్పుడన్నది మళ్లీ ఓసారి అను."

"ఏదీ? మానేస్తున్నానని..."

ఇంకో మేకు ఊడింది. తమ్ముడు ఫ్లోటుని చూశాడు, బావని చూశాడు, బుక్కుని చూశాడు. అన్ని గడుల్లోనూ ఎవరికి ఏం ఇష్టమో రాసే గడి ఒక్కటీ లేదు. నిచ్చెన మీంచే అడిగాడు.

"బావా, నీకు ట్రాక్టరు నడపడం ఇష్టమేనా?"

బావ ఒక చెప్పు వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని ఉండిపోయాడు.

"నువ్వు అంత చక్కగా గళ్లలో నా పేరు రాశావు బామ్మర్దీ. కాదని ఎలా అంటాను? కత్తెర పడితే నలభై పొరల గుడ్డ నూలు తేడా రాకుండా కోస్తాను. ఆ గేరు పట్టుకుంటే చెయ్యి నాది కాదనిపిస్తుంది. పది రోజులుగా నిద్ర లేదు."

ఫ్లోటు రేకు వదిలి వాళ్ల తలల ఎత్తుకి వచ్చింది.

"నాతోనైనా చెప్పొచ్చుగా!" అంది అక్క.

"నువ్వు నాతో అన్నీ చెప్తున్నావా? రోజుకి ఎన్నిసార్లు దులుపుతావు ఆ సీటు?"

అక్క మొహం ఎర్రబడింది. "సరే. నేను నడుపుతా. తెచ్చిన రోజు నుంచీ అదే ధ్యాస. చాలా?"

ఫ్లోటు మోకాళ్ల దాకా దిగి ఆగింది. అక్క, బావ, పెద్దాయన ముగ్గురూ తమ్ముడి వైపు తిరిగారు. అతను నిచ్చెన దిగాడు.

"నాకు తెలుసక్కా. నువ్వు తిప్పినప్పుడు తలుపుకి రెండు పక్కలా నాలుగేసి వేళ్ల సందే ఉంది. కొలిచాను. అప్పటికే బావ పేరు పెన్నుతో రాసేశాను... కొట్టేస్తే పేజీ పాడవుతుందని..."

"పేజీ!" అంది అక్క.

తమ్ముడు వంగి చెయ్యి చాపాడు. ఫ్లోటు వచ్చి అరచేతి మీద, తాకీ తాకకుండా నిలిచింది. పెద్దాయన స్కేలు పెట్టాడు. సరిగ్గా ఆరు మిల్లీమీటర్లు.

"ఇంకా ఆరు ఎవరి దగ్గర మిగిలాయి?" అన్నాడు తమ్ముడు అయోమయంగా.

"నీకెందుకు? ఎవరికైనా ఇంకేదో గుర్తొచ్చేలోపు బిగించెయ్," అన్నాడు పెద్దాయన.

బిగించాడు. ఇరవై మూడూ సరిపోయాయి. బావ తనే పెన్ను తీసుకుని మొదటి పేజీలో తన పేరు కొట్టేశాడు, గీత తిన్నగా, గుడ్డ మీద గీసినట్టు. పక్కన 'అక్క' అని తమ్ముడు రాశాడు. ఆ ఆరు మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి.

అక్క చేతులు తుడుచుకుని సీటెక్కింది.

"గేరు న్యూట్రల్లోనే ఉందా అక్కా?"

"ఉందిరా. నువ్వు తిప్పు."

తమ్ముడు హ్యాండిల్‌ని ముందు రంధ్రంలో దూర్చి, వెనక్కి తన్నినా విరక్కుండా బొటనవేలు మిగతా వేళ్ల పక్కన పెట్టుకుని, తిప్పాడు.