పది కోట్లా ఒకటి

బోధన్‌ల ఆత్మారాం సారు ట్యూషన్ సెంటర్ నడుపుతడు. ఉన్నవి రెండు గదులే గని, పేరు ముందట 'గణిత సామ్రాట్' అని తనే రాయించుకున్నడు. ఇంకొకరు రాయిస్తరని ఎన్నేండ్లు ఎదురుసూస్తడు పాపం!

ఒకనాడు సారు ఓ సంగతి కనిపెట్టిండు. పది కోట్లా ఒకటి, అంటే 10,00,00,001, ప్రధాన సంఖ్యనట. ఒకటితోని, తనతోని తప్ప ఇంక దేనితోని పోదట. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, అన్నిటితోని భాగించి సూసిండు. పదమూడు కాడికొచ్చేసరికి బువ్వకు పిలుపొచ్చింది. తిని పండుకున్నడు. లేసేసరికి రుజువైపోయింది.

ఇంత పెద్ద సంగతి దాస్తే పాపం గదా! ఫంక్షన్ హాల్ మాట్లాడిండు. శాలువ తనే కొనుక్కొచ్చి, కప్పెటందుకు చెరుకు రైతు ఎర్రన్నను పిలిచిండు. "గింత పెద్ద అంకెను ఎవ్వలికి లొంగకుంట కాపాడిండు మన సారు" అన్నడు ఎర్రన్న మైకుల. జనం సప్పట్లు కొట్టిండ్రు.

వంట ఆలస్యమైంది. వెనక కుర్చీల ట్యూషన్ పిల్ల హర్షిణి తల్లి లత కూసున్నది. లెక్కల్ల డిగ్రీ సదివి బీడీలు చుడుతది. ఊకె కూసునుడు చేతగాక సన్మానం కరపత్రం వెనక భాగారం మొదలువెట్టింది. సారు పదమూడు దాక సూసిండని దాంట్లనే ఉన్నది; ఆడికెళ్లి పదిహేడు పట్టుకున్నది. శేషం సున్న.

లేసి నిలవడ్డది. "సార్, పదిహేడుతోని పోతది."

"ఎన్నిసార్లు పోతదట?" అన్నడు సారు నవ్వుకుంట.

"యాభై ఎనిమిది లక్షల ఎనభై రెండు వేల మూడు వందల యాభై మూడు సార్లు."

సారు చాక్‌పీసు పట్టి బోర్డు మీద గుణించిండు. పది కోట్లా ఒకటి. తుడిచి మల్ల గుణించిండు. అంకెకు సిగ్గులేదు, మల్ల గదే వచ్చింది. సారు చెవులు ఎర్రగైనయి. కుట్ర అందామనుకున్నడు గని, పదిహేడో ఎక్కం మీద ఎవలి పేరు పెట్టాలె?

ఎర్రన్నకు లెక్క అర్థం కాలేదు గని, మర్యాద తెల్సినోడు. సారు మీది శాలువ తీసి లతకు కప్పిండు.

మూడు దినాలు సెంటర్ తలుపు తెరువలే. నాలుగోనాడు సారు లత ఇంటికి పోయిండు. ఆమె చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది.

"అమ్మా, ఆ యాభై ఎనిమిది లక్షల చిల్లర... అదన్న ప్రధాన సంఖ్యేనా?"

"నాకేమెరుక సార్? వర్గమూలం దాక, అంటే రెండు వేల నాలుగు వందల ఇరవై అయిదు లోపటి ప్రధాన సంఖ్యలన్నిటితోని భాగించి సూడాలె. మూడొందల అరవై ఉంటయి."

"నడుమల ఆపితే?"

"ఆపితే సన్మానమే సార్."

సారు నోటుబుక్కు కొనుక్కున్నడు. ఎనిమిది దినాలు, పాఠాలు అయిపోంగనే భాగారమే. ఈసారి బువ్వకు పిలిచినా లేవలే. ఆఖరుది 2423. శేషం 1732. ఏ ఒక్కదానితోని పోలే! సంతోషం ఆగక లత ఇంటికి ఉరికిండు.

లత బీడీలు పక్కకు పెట్టి ఒక్కొక్క పేజీ తిప్పింది. "ప్రధాన సంఖ్యే సార్. గని నూట యాభై ఏడు కాడ శేషం నలభై మూడు రాసిండ్రు. ముప్పై నాలుగు రావాలె."

సారు గక్కడ్నే గడప మీద కూసొని మల్ల భాగించిండు. ముప్పై నాలుగే వచ్చింది. కొట్టేసి దిద్దుకున్నడు.