ఏటా ఒక అంగీ

కృష్ణానగర్‌లో ఒంటిగది కిరాయికి తీసుకుని సినిమావాళ్లకు దుస్తులు కుట్టే మల్లమ్మకు, 1993 వేసవిలో ఒక టీవీ సీరియల్ పని దొరికింది. బైబిలు కథలు. ఫిల్మ్‌నగర్ బండల మధ్య ఇసుక పోయించి గుడారాలు వేశారు. వాటిలో ఒకదాని వెనక నీడలో ఆమె తన మిషను పెట్టుకుంది.

ఆ వారం తీసేది హన్నా కథ. పిల్లలు లేరని సవతి దెప్పుతుంటే హన్నా గుడికి పోయి ఏడుస్తుంది. కొడుకు పుడితే దేవుడి సేవకే ఇస్తానని మొక్కుకుంటుంది. కొడుకు పుట్టి పాలు మానాక, అన్నమాట ప్రకారం తీసుకెళ్లి గుడిలో వదిలి వస్తుంది. పిల్లవాడికి చిన్న అంగీ ఒకటి కుట్టమన్నాడు దర్శకుడు సుబ్బరామయ్య. సలహాలివ్వడానికి వచ్చిన పాస్టరు దేవసహాయం గారు, ఒకటి చాలదన్నారు. ఆ తల్లి ఏటా ఒక అంగీ కుట్టి కొడుక్కి తీసుకెళ్లేదని రాసి ఉందట.

మల్లమ్మ మిషను ఆపింది.

“ఏడాది సంది సూడని పిలగాని కొలత ఆమెకెట్ల తెలిసింది సారూ?”

పాస్టరు గారు చేతిలోని బైబిలు తిరగేశారు. “అది రాయలేదమ్మా. రాజుల గురించీ యుద్ధాల గురించీ అంత రాసినవాళ్లు, ఈ అంగీని కూడా మరిచిపోలేదు. కొలత సంగతి ఆ తల్లికే తెలియాలి.”

మల్లమ్మ మళ్లీ మిషను తొక్కసాగింది. ఆరేళ్ల కిందట భర్త లారీ ప్రమాదంలో పోయాక, మూడేళ్ల కూతురు సువర్ణను జోగిపేటలో ఉండే, పిల్లలు లేని ఆడబిడ్డ బాలమణికి ఇచ్చేసింది. ఆ తర్వాత ఒక్కసారీ జోగిపేట పోలేదు. రావద్దని ఎవరూ అనలేదు. తను కనబడుతుంటే పిల్ల అక్కడ కుదురుకోదని భయపడింది. ఇచ్చేశాక మళ్లీ చూడబోవడం మాట తప్పడమేనని కూడా అనుకుంది. హన్నా అట్లా అనుకోలేదు. ఇచ్చింది, ఏటా పోయింది కూడా.

రెండు రోజుల్లో ఐదు అంగీలు కుట్టింది, ఒకదాని కంటే ఒకటి రెండు వేళ్లు పొడుగ్గా. అన్నెందుకని సుబ్బరామయ్య మొదట విసుక్కున్నాడు. ఐదింటినీ తాడు మీద వరసగా ఆరేసి చూశాక మాత్రం కెమెరా అటు తిప్పించాడు.

షూటింగ్ అయిపోయిన మర్నాడు మల్లమ్మ టోలిచౌకి పోయి నీలం బట్ట కొన్నది. తమ గల్లీలోని తొమ్మిదేళ్ల పిల్లలను చూసి అంచనా వేసుకుని లంగా జాకెట్టు కుట్టింది. అంచు మూడు వేళ్ల మేర లోపలికి మడిచింది. ఆదివారం పొద్దున్నే జోగిపేట బస్సెక్కింది.

తలుపు తీసిన బాలమణి ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. వెనక్కి పొమ్మంటుందేమోనని మల్లమ్మ గుమ్మం బయటే ఆగింది.

“ఆరేండ్లు పట్టిందా వదినె, ఈ ఇంటికి తొవ్వ దొరకనీకి?”

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సువర్ణ బడి పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. హైదరాబాదు నుంచి మల్లమ్మత్త వచ్చిందని బాలమణి చెబితే, లేచి నిలబడి మల్లమ్మ మొహంలోకి కన్నార్పకుండా చూసింది. మల్లమ్మ ఇచ్చిన లంగా తొడుక్కుంటే చీలమండలకు నాలుగు వేళ్లు పైనే ఉంది. మల్లమ్మ అక్కడే కూర్చుని మడత కుట్లు విప్పింది. అంచును పిల్ల పొడుగు కాళ్ల వెంట కిందికి లాగి సరిచేసింది.

బాలమణి నీళ్ల చెంబు తెచ్చి పక్కన కూర్చుంది. “దానికి ఎరుకే వదినె. కన్నది నువ్వేనని పోయినేడే చెప్పిన. మరి అమ్మ ఎందుకు రాదని అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె,” అంది.

ఆ జవాబు మల్లమ్మే చెప్పుకోవాల్సి వచ్చింది. సువర్ణను పక్కన కూర్చోబెట్టుకుని, తండ్రి పోయిన రోజు దగ్గర మొదలుపెట్టింది. బాలమణి లేచి వెళ్లలేదు. మల్లమ్మ ఆగిన చోటల్లా తను అందుకుని చెప్పింది.