‘ఓ’ కడుపులో ముక్క

మెర్వ్ టిల్‌బ్రుక్ బర్క్ ఊళ్ళో రైలు గూడ్సు షెడ్డు పక్కన కొట్టు తెరిచిన నాడు అతని చేతిలో ఉన్నవి ఒక సుత్తి, మూడు ఉలులు, రేకు కింద వేసుకోవడానికి ఒక సీసపు దిమ్మ. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత, కొట్టు తాళం రైల్వేకి అప్పగించే రోజు పొద్దున కూడా అతను అదే దిమ్మ మీద వంగి రేకులో ఇంగ్లీషు అక్షరం కోస్తున్నాడు. ఆ రేకు మూటకి ఆనించి సిరా అద్దితే, కోసిన సందుల్లోంచి పేరు అచ్చుపడుతుంది. సన్నటి మనిషి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో చీలి అలాగే ఉండిపోయింది. చెవుల వెనక కూడా సిరా మరకలే.

పదకొండింటికి బూరా డౌన్స్ గొర్రెల ఎస్టేట్ నుంచి ఉన్ని లారీ వచ్చి ఆగింది. యాభై మూటలు. రెండింటికి సిడ్నీ గూడ్సు. పేరు చదవడానికి వీల్లేని మూటను రైల్వే గుమాస్తా ఎక్కించడు. గూడ్సు తప్పితే ఆ ఏటి వేలంపాట కూడా తప్పినట్టే.

మూటల మీద పేరు ఉండవలసిన చోట నల్లటి ముద్దలున్నాయి.

లారీ డ్రైవరు స్నో కీగన్ కిందికి దూకాడు. “చూడు మెర్వ్! పేరు వెయ్యమంటే మా దొర మాడిన రొట్టెలు అచ్చేశాడు.”

అతని వెనకే దిగిన ఎస్టేట్ యజమాని నెవిల్ ఆటవే మొహం ఎర్రబడింది. “నువ్వు కోసే అక్షరాలకి అన్నీ చీలికలేనయ్యా. బిస్కెట్ డబ్బా మీద పేరు అలాగే ఉంటుందా? నాన్న కాలంనాటి నీ రేకు తుక్కులో పడేసి, నేనే నున్నగా కోసుకున్నా.”

“మరి ‘ఓ’ కడుపులో ముక్క ఏదీ?”

“ఊడి కింద పడింది.”

“పడదా మరి! దాన్ని పట్టుకోడానికి ఏం మిగిల్చావు?”

మెర్వ్ కొత్త జింకు రేకు పరిచి సుద్దతో గీశాడు. బూరా డౌన్స్ అని ఇంగ్లీషులో రాస్తే కడుపు మూసుకున్న అక్షరాలు ఏడు. ‘ఓ’కి పైనా కిందా, ‘ఏ’కి ఒక కాలి దగ్గర, గోధుమగింజంత వెడల్పున రేకు కోయకుండా వదిలాడు. నెవిల్ చీలిక అన్నది ఈ వంతెననే. లోపలి ముక్కను నిలబెట్టేది అదే. బారెడు దూరం నుంచి చూసినా కన్ను దాన్ని దాటేసి అక్షరాన్నే చదువుతుంది.

పన్నెండున్నరకి రేకు సిద్ధమైంది. మూటలను రెండో వైపుకి తిప్పారు. నెవిల్ స్వయంగా రేకు ఆనించి, పొడిపొడిగా సిరా అద్దిన బ్రష్ ఆడించాడు. రేకు తీసి చూసి, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు.

పట్టాల అవతల గుమాస్తా కుర్చీలోంచి లేవకుండానే చదివాడు. “బూరా డౌన్స్! ఎక్కించండి.”

“వచ్చే ఏడు ఇంకొకటి కొయ్యాలి నువ్వు, పెద్ద అక్షరాలతో,” అన్నాడు నెవిల్.

“వచ్చే ఏడు నేనుండనయ్యా. కళ్ళకి గీత ఆనడం లేదు. సాయంత్రం బండికి డబ్బో ఊళ్ళో చెల్లెలింటికి పోతున్నా. సిరా కడుగుతూ ఉండు, ఈ రేకు నీ కొడుకు దాకా వస్తుంది.”

అయిదింటికి అతను గుమాస్తా చేతిలో తాళం పెట్టి బండెక్కాడు.

కోసిన ప్రతి రేకునూ అతను మొదట అచ్చేసి సరిచూసుకున్న చెక్కగోడ కొట్టులోనే ఉండిపోయింది. రెండువందల పద్నాలుగు ముద్రలు. ఒక్క ‘ఓ’ కడుపు కూడా పూడలేదు. బూరా డౌన్స్ రెండు చోట్ల ఉంది. నెవిల్ తండ్రి నాటిది పైవరసలో వెలిసిపోయి, నెవిల్‌ది అట్టడుగున నల్లగా నిగనిగలాడుతూ, రెండూ గుమ్మంలోంచే చదవవచ్చు.