అమ్మకానికి లేని చక్రం

మగ్గులోని నీళ్ళలో సబ్బుముక్క వేసి బెత్తెడు బాబాయ్ వేలితో నెమ్మదిగా తిప్పుతున్నాడు. నురగ రాకూడదు. నురగ వచ్చిందంటే వేలు తొందరపడిందని లెక్క. నీళ్ళు చిక్కబడి వేళ్ళ మధ్య జారుడుగా తగిలాక మగ్గును కౌంటరు వెనక మూలకు తీసుకుపోయి, నేలమీద పడుకోబెట్టి ఉన్న చక్రం పక్కన పెట్టాడు. ఆ పనిముట్ల దుకాణంలో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. పొద్దున్నే తలుపులు తీయగానే ఆయన చేసే మొదటి పని ఇదే. అద్దాలు తుడవడం, టీ తెప్పించుకోవడం, వీధిలో పోయేవాళ్ళని పలకరించడం అన్నీ దీని తరువాతే.

చక్రం అమ్మకానికి కాదు. ఏనాటిదో మోటారుసైకిలు వెనక చక్రం. టైరు అరిగి నున్నబడింది కాని, రిమ్ము మాత్రం మొహం చూసుకునేట్టుగా ఉంటుంది. ఇంట్లోనే టైరు మార్చుకోవడానికి సామాను కావాలని ఎవరొచ్చినా బాబాయ్ ముందు సామాను చూపించడు, పీట చూపిస్తాడు. "కూర్చోండి. ఓసారి విప్పి మళ్ళీ ఎక్కించండి. ఏం కావాలో మీ చేతులే చెప్తాయి" అంటాడు. పెద్ద యంత్రం కొందామని ఉత్సాహంగా వచ్చిన మనిషి చివరికి టైరు అంచు ఎత్తే రెండు చిన్న లివర్లూ, వాల్వు విప్పే కీ ఒకటీ పట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. అది చూసి పాత యజమాని నెత్తి కొట్టుకునేవాడు. కాని వెళ్ళినవాడు ఆరు నెలలకి తన బావమరిదినో పక్కింటాయననో వెంటబెట్టుకుని వచ్చేవాడు, అందుకని పాపం పెద్దాయన నెత్తి కొట్టుకోవడంతోనే సరిపెట్టుకునేవాడు.

లివరు పొడుగు బాబాయ్ అంగుళాల్లో చెప్పడు. కొనేవాళ్ళ చెయ్యి బల్లమీద చాపమని, "మీ జాన మీద ఇంకో బెత్తెడు. అంతకు మించొద్దు" అంటాడు. ఆ పేరు అలా వచ్చిందే. పొడుగు లివరు పట్టుకున్న మనిషికి ఎక్కడలేని బలం వచ్చినట్టు ఉంటుందనీ, బలం వచ్చిందనుకోగానే ఆలోచించడం మానేస్తాడనీ, టైరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి చిరిగేది సరిగ్గా అప్పుడేననీ ఆయన సిద్ధాంతం. ఇన్ని చెప్పే మనిషికి మోటారుసైకిలు లేదు, నడపడమూ రాదు. దుకాణానికి నడిచే వస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో తనతో ఉండే అక్క మాత్రం, "ఊళ్ళో వాళ్ళ చక్రాలన్నీ తిప్పుతావు, మన మిక్సీ తిరక్క పది రోజులైంది" అని దెప్పుతూ ఉంటుంది.

ఇప్పుడు దుకాణానికి పెద్దాయన కూతురే చిన్న యజమాని. మంచి పిల్ల, మాట మెత్తన. నాలుగు రోజుల కిందట ఆమె ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. "బాబాయ్, పెట్టెల్లో సెట్లు వస్తున్నాయి. లివర్లు, పంపు, అన్నీ ఒకే పెట్టెలో. వాటికి ఈ మూల కావాలి. శనివారం పాత ఇనుము అతన్ని రమ్మన్నాను."

"చక్రం కూడానా అమ్మా?"

"ఎవరూ కూర్చోవడం లేదు కదా బాబాయ్. చివరిసారి ఎవరు కూర్చున్నారో మీకైనా గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. ఏడాదిన్నర కిందట డ్రిల్లు మాస్టారు. కాని ఆ మాట చెబితే ఆమె వాదనకే బలం. "సరేనమ్మా" అన్నాడు. జీతం పెంచమని కూడా ఎన్నడూ అడగని మనిషి చక్రం ఉంచమని ఎలా అడుగుతాడు? శనివారం లోపల ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆ పీట మీద కూర్చుంటే బాగుండునని మాత్రం అనుకున్నాడు. ఇవాళ శుక్రవారం.

పదకొండు గంటలకి ఒకామె వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బేకరీ నుంచి కొండ దారి ఊళ్ళకి మోటారుసైకిలు మీద రొట్టెలు వేస్తుందట. కిందటి వారం సగం దారిలో టైరు పంక్చరైంది. చుట్టుపక్కల బాగుచేసేవాళ్ళు లేరు. ఆరు గంటలు రోడ్డు పక్కన కూర్చుంది.

"ఇంకోసారి ఇలా అయితే ఆ దారి వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారండి. నా టైరు నేనే మార్చుకోవాలి. ఇంట్లో నేర్చుకుని సామాను బండిలో పెట్టుకుంటాను. చేతికి శ్రమ లేని మిషను ఏదైనా ఉందా?"

అంటూ కుడి చెయ్యి బల్లమీద పెట్టింది. మణికట్టు విరిగి అతుక్కున్నట్టుంది, కొంచెం పక్కకి తిరిగి ఉంది. బాబాయ్ ఆ చేతిని చూశాడు, జాన కొలవడం మరిచిపోయాడు. ఆయన మనసు కరిగిపోయింది. ఈ చేతితో చిన్న లివరు ఏం తిప్పుతుంది పాపం అనుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరికీ ఇవ్వని మూరెడు లివర్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

విప్పడం బాగానే విప్పింది. ఎక్కించేటప్పుడు చివరి బెత్తెడు దగ్గర లివరు మీద ఒళ్ళంతా వేసి నొక్కింది. టైరు లోపలికి దూకింది. ఆ వెంటనే ట్యూబులోంచి గాలి సన్నగా కారిపోతున్న చప్పుడు. కౌంటరు దగ్గరున్న చిన్న యజమానికి కూడా వినిపించింది.

రొట్టెలామె మొహం పాలిపోయింది. "నా వల్ల కాదేమోనండి. ఈ చెయ్యి ఇంతే."

"చెయ్యి కాదమ్మా" అన్నాడు బాబాయ్. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాది. జాలిపడి పొడుగువి ఇచ్చాను. మీ చెయ్యి చూశాను గాని, మిమ్మల్ని చూడలేదు. ఉండండి."

ట్యూబు బయటికి లాగాడు. దాని నిండా అతుకులే, ఎక్కడ చూసినా. ప్రతి అతుకు మీదా బాల్‌పెన్నుతో చిన్న అక్షరాలున్నాయి. ఆమె దగ్గరికి లాక్కుని చదివింది. "పాల వ్యాను డ్రైవరు. కొత్త పెళ్ళికొడుకు. తపాలా ఆయన, రెండోసారి. డ్రిల్లు మాస్టారు... ఇవేంటండి?"

"ఇక్కడ కూర్చుని ట్యూబు నొక్కేసినవాళ్ళు. వీళ్ళందరూ ఇవాళ ఇంట్లో కళ్ళు మూసుకుని టైరు మారుస్తారు."

డ్రిల్లు మాస్టారు కూడానా అని గట్టిగా నవ్వింది ఆమె. వచ్చినప్పటి నుంచి నవ్వడం అదే మొదలు. "అయితే నన్నూ రాయండి."

బాబాయ్ చిరుగు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊది, అతుకు వేసి బొటనవేలితో నొక్కిపట్టాడు. జేబులోంచి పెన్ను తీశాడు. కాసేపు ఆగి, రెండక్షరాలు రాశాడు. ఆమె తొంగిచూసే లోపలే పౌడరు చల్లి ట్యూబుని టైరులోకి తోసేశాడు.

ఈసారి ఆమె ఎడమచెయ్యి చాపించి కొలిచాడు. జాన మీద బెత్తెడు. రెండు కాదు, మూడు లివర్లు ఇచ్చాడు. ఒకటి కాలికింద పెట్టి పట్టుకోవడానికి.

"బలం ఇక్కడ పెట్టకండి. అవతలి వైపు, మోకాలితో. అక్కడ టైరు అంచు రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి దిగితే ఇవతల అదే వదులవుతుంది. సబ్బునీళ్ళు రాయండి. కొంచెం కొంచెంగా. వాల్వు దగ్గర ముగించండి."

ఆమె మోకాలు ఆనించింది. వంకర చెయ్యి ఊరికే ఆసరాగా ఉంది. చివరి బెత్తెడు చప్పుడు లేకుండా లోపలికి జారింది. పంపు కొట్టింది, చెవి ఆనించి విన్నది. మళ్ళీ విప్పింది, మళ్ళీ ఎక్కించింది. మూడోసారి బాబాయ్ అటు తిరిగి నిలబడ్డాడు, చూడకూడదని. ఆమె కొన్నది మూడు లివర్లు, వాల్వు కీ, చిన్న పంపు, అతుకుల డబ్బా. రిమ్ముకి గీతలు పడకుండా పెట్టుకోవడానికి పాత ట్యూబు ముక్కలు ఆయనే కోసి ఇచ్చాడు. మిషను ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చిన్న యజమాని అంతా చూసింది. ఏదో అందామనుకుంది, ఫోను మోగింది. సాయంత్రం బాబాయ్ గొడుగు చంకలో పెట్టుకుని, "వస్తానమ్మా" అన్నాడు. చక్రం గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మెట్లు దిగుతూ ఆయన ఏదో కూనిరాగం తీయడం మాత్రం ఆమెకి వినిపించింది.

శనివారం ఆయన రాలేదు. పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. పొద్దున టీ తాగి, మిక్సీ బాగుచేసి అక్కకి చూపించి, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు.

మధ్యాహ్నం అన్నీ అయ్యాక చిన్న యజమాని దుకాణానికి వచ్చింది, ఇంట్లో కూర్చోలేక. తలుపు సగమే తీసింది. నాలుగింటికి పాత ఇనుము అతను వచ్చాడు, రమ్మన్న సంగతి ఆమె మరిచేపోయింది.

"రిమ్ము ఒక్కటే తీసుకుంటానమ్మా. రబ్బరు నాకొద్దు. విప్పి ఇస్తారా?"

విప్పేవాళ్ళు ఎవరున్నారు? ఆమె పీట మీద కూర్చుంది. ఇన్నేళ్ళ నుంచి ఆ దుకాణంలో తిరుగుతున్నా ఆ పీట మీద కూర్చోవడం అదే మొదటిసారి. మగ్గులో నిన్నటి సబ్బునీళ్ళు అలాగే ఉన్నాయి. తన జాన మీద బెత్తెడు కొలుచుకుని లివర్లు తెచ్చుకుంది. గాలి తీసి, మడమలతో అంచు దించి, అవతల మోకాలు ఆనించింది. మొదటిసారి జారింది, రెండోసారీ జారింది. మోకాలు గట్టిగా ఆనించి కొంచెం కొంచెంగా ఎత్తితే టైరు అంచు ఆమె మాట విన్నట్టు పైకి వచ్చింది.

ట్యూబు లాగి ఒళ్ళో వేసుకుంది. పాల వ్యాను డ్రైవరు, కొత్త పెళ్ళికొడుకు, తపాలా ఆయన. అక్షరాలు సగం చెరిగిపోయిన పాత అతుకు ఒకటి, "పెద్దాయన, మూడోసారి". నాన్న కూడా ఇక్కడ కూర్చున్నాడన్నమాట, ఎన్నడూ చెప్పలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని ట్యూబు తిప్పుతూ పోయింది.

"ఇస్తారామ్మా మరి?" అన్నాడు పాత ఇనుము అతను.

"ఇది అమ్మకానికి లేదు" అంది ఆమె, తల ఎత్తకుండా.

వాల్వు పక్కనే, ఇంకా పౌడరు రాలని కొత్త అతుకు. దాని మీద నీలం సిరాతో రెండే అక్షరాలు: నేను.